మధ్యాహ్నానికి స్కీలు మాట వినకపోతే లోపం ఎవరిది?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: నడుము (పాదం కింద ఉండే స్కీ సన్నని నడిమి భాగం) వెడల్పు 72 మిల్లీమీటర్లు, మలుపు వ్యాసార్ధం 13 మీటర్లు ఉన్న స్కీలతో ఉదయం పూట యంత్రంతో చదును చేసిన వాలు మీద హాయిగా తిరుగుతున్నారు. మధ్యాహ్నం మంచు మెత్తబడగానే అవే స్కీలు ఎటుపడితే అటు లాగుతున్నాయి. రాత్రంతా గడ్డకట్టిన మంచు మీద మర్నాడు మొదటి గంటలో పట్టు దొరకక జారిపోతున్నాయి. లోపం స్కీలదా, మీదా, వెడల్పయిన జత కొంటే తీరుతుందా అన్నది మీ సందేహం.

పదకొండు శీతకాలాలుగా స్కీయింగ్ చేస్తున్న నాకు మూడో ఏట సరిగ్గా ఇదే సందేహం వచ్చింది. విడమరిచి చెప్పేవారు ఎవరూ లేక, లోతైన మంచులో అలవోకగా దిగిపోయేవారి కాళ్ల కింద ఏముందో చూసి, నడుము 108 మిల్లీమీటర్లున్న జత కొన్నాను. మధ్యాహ్నపు ఇబ్బంది కొంత తగ్గింది, పొద్దుటి ఇబ్బంది రెట్టింపయింది, మోకాళ్ల నొప్పి అదనంగా వచ్చి చేరింది. అందుచేత కొనుగోలు సంగతి చివరికి వాయిదా వేసి, స్కీ అసలు ఎలా తిరుగుతుందో ముందు చెబుతాను. అది తెలిస్తే మీ రెండు ఇబ్బందులకూ మూలం ఒకటేనని అర్థమవుతుంది.

స్కీ తిరగడమంటే వంగడమే. మీ స్కీలు రెండింటినీ అడుగుభాగాలు ఎదురెదురుగా ఉండేలా జతచేసి నిలబెట్టి చూడండి. ముందు కొస దగ్గరా వెనుక కొస దగ్గరా అవి ఒకదానినొకటి తాకుతాయి. బూట్లను పట్టి ఉంచే బైండింగులు బిగించిన నడిమి భాగంలో మాత్రం కొన్ని మిల్లీమీటర్ల సందు కనిపిస్తుంది. ఆ సందుకు కారణమైన వంపునే కాంబర్ అంటారు. నడుము దగ్గర రెండింటినీ కలిపి పిడికిట పట్టి నొక్కితే సందు మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది. మీరు ఎక్కి నిలబడినప్పుడు జరిగేది కూడా అదే: ఆ వంపు మీ బరువును ఒక్క పాదం కిందే ఉంచకుండా రెండు కొసల వైపుకూ పంచుతుంది, అందువల్లనే గట్టి వాలు మీద ఉక్కు అంచు పొడవునా మంచును కరుస్తుంది.

ఇప్పుడు అదే స్కీని పైనుంచి చూడండి. కొసలు వెడల్పుగా, నడుము సన్నగా ఉంటుంది, ఇది సైడ్‌కట్. స్కీని పక్కకు వాల్చినప్పుడు వెడల్పయిన కొసలు ముందుగా మంచును తాకుతాయి, సన్నని నడుము ఇంకా గాలిలోనే ఉంటుంది. మీ బరువు ఆ నడుమును మంచుకు ఆనేదాకా అదిమితే స్కీ విల్లులా వంగుతుంది, ఆ విల్లు గీసిన దారిలోనే మీరు వెళతారు. స్కీ మీద అచ్చువేసిన 13 మీటర్లు అన్నది నేల మీద చదునుగా పరచిన స్కీ పక్క వంపుకు సంబంధించిన లెక్క మాత్రమే. గట్టి మంచు మీద ఎంత వాలిస్తే మలుపు అంత బిగుసుకుంటుంది. ఆ 13ను వాల్చిన కోణపు కొసైన్‌తో గుణిస్తే దాదాపు సరైన అంకె వస్తుంది. 45 డిగ్రీలకు తొమ్మిది మీటర్ల పైచిలుకు, 60 డిగ్రీలకు ఆరున్నర మీటర్లు.

నడుము సన్నబరచడం కొత్త సంగతేమీ కాదు; నార్వేలోని టెలిమార్క్ ప్రాంతానికి చెందిన సోండ్రె నూర్‌హైమ్ 19వ శతాబ్దంలోనే అలాంటి స్కీలు వాడారు. అయినా 1990ల ఆరంభం దాకా స్కీలు బాగా పొడవుగా, పక్క వంపు ఉందా లేదా అన్నట్టుగా ఉండేవి. స్లొవేనియాకు చెందిన ఎలాన్ సంస్థ 1993లో తెచ్చిన ఎస్‌సీఎక్స్ వంటి లోతైన సైడ్‌కట్ స్కీలతోనే, పక్కకు జారకుండా గీత గీసినట్టు తిరిగే కార్వింగ్ మలుపు పోటీలకు వెళ్లని మనలాంటివారికి కూడా అందింది. మీ జత ఆ వంశానిదే.

అయితే పైన చెప్పిన లెక్కంతా ఒక్క షరతు మీద నిలబడి ఉంది. కింద మంచు కదలకూడదు. అది మెత్తబడితే అంచు ఆనుకోవడానికి గట్టి చోటు ఉండదు, స్కీ మొత్తం మంచులోకి దిగుతుంది, అప్పుడు దానిని వంచేది పక్క వంపు కాదు, అడుగుభాగం మీద కింది నుంచి పడే ఒత్తిడి. వెడల్పయిన కొసలు తేలడానికి చూస్తాయి, మీ బరువు పడే నడుము దిగడానికి చూస్తుంది, ఆ రెంటి నడుమ స్కీ వంగుతుంది. లోతైన మంచు కోసం చేసే స్కీలలో కొసలను ముందే పైకి లేపి ఉంచడానికి, అంటే రాకర్ పెట్టడానికి, కారణం ఇదే. స్కీయర్ షేన్ మెకాంకీ ఆలోచనతో వొలాంట్ సంస్థ చేసిన స్పాచులా స్కీ ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకువెళ్లింది. వాటర్ స్కీలను చూసి చేసిన ఆ జతలో నడుమే అన్నిటికన్నా వెడల్పు, వంపు కూడా తలకిందులు. గట్టి వాలు మీద అంతకన్నా మొండి స్కీ ఉండదు, లోతైన మంచులో అంతకన్నా తేలికైనది అప్పటికి లేదు.

ఇక మీ మధ్యాహ్నం సంగతి. ఎండకు మంచు గింజల నడుమ నీరు చేరుతుంది, దిగేవారి స్కీలు ఆ తడి మంచును పక్కలకు నెట్టి కుప్పలు పెడతాయి, కుప్పల మధ్య గీకబడిన నున్నని చోట్లు మిగులుతాయి. నున్నని చోట స్కీ పరుగెడుతుంది, కుప్పలోకి వెళ్లగానే ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు ఆగుతుంది, మీ శరీరం మాత్రం ముందుకు తూలుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు మీ స్కీ ముందు కొస. అది నడుము కన్నా చాలా వెడల్పు కాబట్టి ఉదయపు కోణంలోనే వాలిస్తే కుప్ప అడుగుకు దూరి, కొక్కెంలా తగులుకుని, మీరు కోరనంత బిగుతుగా తిప్పేస్తుంది. మీరు "లాగుతున్నాయి" అన్నది దీనినే అనుకుంటున్నాను.

నా పతనం కూడా ఇలాంటి మధ్యాహ్నానే జరిగింది. ఆ రోజు ఉదయమంతా మలుపులు అద్భుతంగా కుదిరాయి, కాబట్టి మూడు గంటల వేళ కూడా అదే వాలు మీద అదే తీరున మలుపు లోపలి వైపుకు ఒరిగాను. లోపలి స్కీ నున్నని చోట పరుగెత్తింది, బయటి స్కీ కొస కుప్పలో దిగబడి అడ్డం తిరిగింది, బైండింగ్ ఊడడానికి పట్టిన ఆ క్షణంలో మోకాలు మెలిపడింది. రెండు వారాలు కుంటుతూ తిరిగాను. తరువాత ఎన్నిసార్లు తలచుకున్నా స్కీని తప్పుపట్టడానికి నాకు ఆధారం దొరకలేదు. ఎంత వాలిస్తే అంత తిరగడం దాని పని, అది దాని పని చేసింది.

అప్పటి నుంచి తడి మంచులో నేను మార్చుకున్నవి ముఖ్యంగా రెండు. మొదటిది, వాల్చే కోణం తగ్గించి మలుపును పొడవుగా, గుండ్రంగా లాగుతాను; స్కీ కొంత చదునుగా ఉంటే అడుగుభాగం కుప్ప మీదికి ఎక్కుతుంది కాని దాని కిందికి దూరదు. రెండవది, గట్టి మంచు మీద దాదాపుగా బయటి పాదం మీదే ఉండే బరువులో కొంత భాగాన్ని లోపలి పాదానికి ఇస్తాను. రెండు స్కీలూ ఒకే లోతులో ఉంటే ఒకటి పరుగెత్తి ఒకటి ఆగే ప్రమాదం తగ్గుతుంది. కుప్ప దగ్గరికి వస్తున్నప్పుడు చీలమండలను కాస్త బిగించి, పాదాలను కొద్దిగా ముందుకు తోస్తూ, మోకాళ్లను మడిచి కుప్పను మింగినట్టు దాటాలి. దిగబడిన స్కీని మాత్రం ఎన్నడూ పాదంతో బలవంతంగా మెలిపెట్టవద్దు. ముందు దానిని చదును చేసి విడిపించుకుని, ఆ తరువాతే దిశ మార్చాలి. తడి మంచులో మోకాళ్లకు అసలు ముప్పు వేగం కన్నా ఈ మెలితిప్పడం వల్లే ఎక్కువని నా అభిప్రాయం.

పొద్దుటి గట్టి మంచు దగ్గర పరిస్థితి దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ స్కీ కన్నా మనమే ఎక్కువ తొందరపడతాం. జారిపోతున్నామనిపించగానే భయంతో కొండ వైపుకు ఒరిగి, అంచును ఒక్కసారిగా గట్టిగా తన్నుతాం. బరువు లోపలి పాదం మీదికి వెళుతుంది, బయటి అంచు మీద అదుముడు పోతుంది, అంచు ఊడుతుంది. చేయవలసింది స్కీని ముందుగానే, కాని నెమ్మదిగా పెరిగే కోణంలో వాల్చడం, మీ ఒంటి పైభాగాన్ని లోయ వైపు, అంటే బయటి పాదం మీదికి నిలబెట్టడం, ఆ తరువాత ఓపిక పట్టడం. గీకుతున్న చప్పుడు వస్తే అంచు పక్కకు పోతోందని, చిన్న బుసలాంటి చప్పుడు మాత్రమే ఉంటే కరుస్తోందని గుర్తు. కొద్దిగా జారినా కంగారుపడనక్కరలేదు. అదుపులో ఉన్న జారుడు కూడా మలుపే. ఈ చోట మీ 72 మిల్లీమీటర్ల నడుము మీకు వరం. అంచు మీ బూటు మధ్యగీతకు 36 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. నా 108 జతలో అది 54, అంటే ఒకటిన్నర రెట్లు. అంత దూరాన ఉన్న అంచును వాలి ఉండేలా నిలపడానికి చీలమండ, మోకాలు అంతమేర ఎక్కువ శ్రమపడాలి. నా మోకాళ్ల నొప్పికి మూలం అక్కడే దొరికింది.

అయినా మీకు పట్టు దొరకడం లేదంటే ముందుగా అంచులను పరీక్షించండి. గోరును అంచు మీద అడ్డంగా గీస్తే సన్నని చెక్కుడు రాలాలి. గోరు జారిపోతే అది మొద్దుబారినట్టు. ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. అంచుకు రెండు ముఖాలుంటాయి: పక్క ముఖం, అడుగు ముఖం. పక్క ముఖాన్ని 87 లేదా 88 డిగ్రీల కోణంలో అవసరమైనప్పుడల్లా పదును పెట్టుకోవచ్చు. అడుగు ముఖాన్ని సాధారణంగా ఒక డిగ్రీ లేదా అంతకన్నా తక్కువ మాత్రమే పైకి వాలుస్తారు. నేను ఆకురాయి చేతబట్టి, పదును పెంచుతున్నాననుకుని, అడుగు ముఖాన్నే పదేపదే రుద్దాను. కోణం పెరిగిపోయి, స్కీని ఎంతో వాలిస్తే గాని అంచు మంచును తాకని స్థితి వచ్చింది. తీసివేసిన ఉక్కును తిరిగి అతికించలేం. అడుగుభాగం మొత్తాన్ని యంత్రం మీద అరగదీయిస్తే గాని ఆ జత మళ్లీ దారికి రాలేదు.

స్కీ లోపలి నిర్మాణం కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. మెలితిప్పితే తిరగని గట్టిదనం ఉన్న స్కీలో కొసలు కూడా నడుము వాలినంతా వాలతాయి. అది లేని స్కీలో పాదం కింద అంచు కరిచినా కొసలు చదునుగా తిరిగి ఊడిపోతాయి. చాలా స్కీలలో టైటనాల్ రేకులు వేసేది ఈ గట్టిదనం కోసమూ, అదురు తగ్గించడం కోసమూనే. పేరు చూసి టైటానియం అనుకునేవారు చాలామంది, కాని అది అల్యూమినియం మిశ్రమలోహం.

కొత్తగా కురిసిన లోతైన మంచు గురించి మీరు అడగలేదు కాబట్టి ఒక్క మాటతో దాటుతాను: కొసలు పైకి రావాలని వెనక్కి వాలవద్దు, రెండు పాదాలనూ ఒకే వేదికలా ఉంచి, నెమ్మదిగా అదిమి నెమ్మదిగా వదులుతూ లయగా దిగండి, మీ సన్నని స్కీలు కూడా కాస్త వేగం ఉంటే తేలతాయి. పైన పెచ్చు కట్టి, అడుగున మెత్తగా ఉండి, బరువు పడగానే విరిగే మంచు మాత్రం వేరే కథ. అందులో అందంగా తిరిగే పద్ధతి ఏదో ఉందని చెప్పేవారిని నేను అంతగా నమ్మను. అడ్డంగా సాగి, ఆగి, నిలబడిన చోటే తిరిగి, అక్కడి నుంచి బయటపడటమే నా పద్ధతి.

ఏ మంచు ఎప్పుడు వస్తుందో పసిగట్టడం కూడా సగం పని. లిఫ్ట్ దిగగానే కర్రను మంచులో గుచ్చి చూస్తాను: మొన ఆగిపోతే ఉదయపు తీరు, పైన రెండు మూడు సెంటీమీటర్లు దిగి ఆగితే రోజు మొత్తంలోకెల్లా మేలైన గంట, కర్ర మొన పైనుండే చక్రం దాకా దిగబడితే కోణం తగ్గించవలసిన వేళ. ఉత్తరార్ధగోళంలో తూర్పు ముఖపు వాలు ముందుగా మెత్తబడుతుంది, తరువాత దక్షిణం, ఆపైన పడమర. ఉత్తరపు వాలు రోజంతా గట్టిగానే ఉండిపోవచ్చు. ఎండను అనుసరించి వాలు మార్చుకుంటే అవే స్కీలతో ఇంకో రెండు గంటలు హాయిగా గడుస్తాయి. దిగాక ఒకసారి వెనక్కి తిరిగి మీ జాడ చూడండి. పెన్సిలుతో గీసినట్టు రెండు సన్నని గీతలుంటే సైడ్‌కట్ పని చేస్తోంది. వెడల్పయిన చారలుగా మంచు చెదిరి ఉంటే, అక్కడ స్కీని తిప్పినది దాని ఆకారం కాదు, మీ కాలి బలం.

కొత్త జత విషయానికి వస్తే, ఎక్కువగా చదును చేసిన వాలు మీదే తిరిగేవారైతే 72ను వదలవద్దు, నాలా ఒక్క గంతులో 108కి అసలే వెళ్లవద్దు. నడుము 85, 90 మిల్లీమీటర్ల మధ్య ఉండి, ముందు కొస కొద్దిగా లేచి, వ్యాసార్ధం 16 నుంచి 18 మీటర్లున్న జతను ఒక రోజు అద్దెకు తీసుకుని చూడండి. ఆ రోజు ఉదయం మీ స్కీలతోనే మొదలుపెట్టి, మంచు మెత్తబడ్డాక జత మార్చకముందే ఒకసారి తక్కువ కోణంతో, రెండు పాదాల మీదా బరువు ఉంచి, పొడవైన మలుపులతో దిగండి. వెంటనే జత మార్చి అదే దారిలో అదే తీరున మళ్లీ దిగండి. నేనలా చేసిన రోజున నా ఇబ్బందిలో చాలా భాగం మొదటి దిగుడులోనే పోయింది, అద్దె జత తీర్చడానికి మిగిలింది కొంచెమే.