శ్వాసనాళానికి కుట్టు వేసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

శ్వాసనాళ పునర్నిర్మాణం మొదటిసారి స్వయంగా చేయబోతున్నానని రాశావు. ఈ శస్త్రచికిత్స నిలిచేదీ విఫలమయ్యేదీ ముఖ్యంగా రెండింటి మీద: కుట్టు మీద పడే లాగుడు, అంచులకు అందే రక్తం. నిర్ణయం తీసుకునే ప్రతిచోటా ముందు వీటినే చూడు.

పెద్దవారిలో శ్వాసనాళం పొడవు సుమారు 11 సెంటీమీటర్లు. సన్నబడిన భాగం పొట్టిగా ఉంటే దాన్ని తీసివేసి, ఆరోగ్యంగా ఉన్న రెండు కొసలను కలిపి కుట్టడమే అన్నిటికంటే మేలు. దాదాపు సగం పొడవు వరకు తీయవచ్చునని అంటారు కానీ, ఆ హద్దు దాకా వెళ్లే సాహసం నీకిప్పుడే వద్దు. స్కాన్‌ ఒక్కదాన్నే నమ్మకుండా నాళం లోపలికి దించి చూసే గొట్టమైన బ్రాంకోస్కోపును నీ చేతితోనే వేసి, ఎర్రబడిన పొర ఎక్కడ ముగిసిందో చూసుకో. వాపు తగ్గకముందు, స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో నడుస్తుండగా వేసిన కుట్టు సరిగా మానదు. ఆగగలిగిన రోగి అయితే ఆగు.

రక్తం ఇరుపక్కల నుంచి సన్నని శాఖలుగా వస్తుంది కనుక, నాళాన్ని ముందువైపు విడదీసినంత స్వేచ్ఛగా పక్కలను విడదీయకూడదు. స్వరపేటిక నరాలు కూడా ఆ పక్కనే, అన్నవాహికను ఆనుకున్న గాడిలో ఉంటాయి.

పుట్టుకతోనే నాళం చాలా పొడవునా ఇరుకుగా ఉన్న పసివారికి కోసి తీసే పద్ధతి పనికిరాదు. ఇరుకు భాగాన్ని మధ్యలో అడ్డంగా కోసి, ఒక ముక్కను ముందువైపు, మరొకదాన్ని వెనుకవైపు నిలువుగా చీల్చి, ఒకదాని మీదికి మరొకదాన్ని జరిపి కుట్టాలి. ఆ భాగం పొడవు సగమవుతుంది, చుట్టుకొలత రెట్టింపవుతుంది, గాలి వెళ్లే దారి నాలుగింతలవుతుంది. బిడ్డ సొంత కణజాలంతోనే, రక్తప్రసరణ చెడకుండా ఇంత ఫలితం దక్కడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఇరుకైన నాళాన్ని వెడల్పు చేయడానికి పక్కటెముక మృదులాస్థిని అతికించేటప్పుడు దాని పైపొరను లోపలివైపుకే ఉంచు. శ్లేష్మపు పొర దాని మీదుగా పాకుతుంది. నాళానికి బదులుగా ముంజేతి చర్మంతో గొట్టం చేసేవారూ ఉన్నారు. అయితే చర్మానికి కఫాన్ని పైకి నెట్టే సూక్ష్మ కేశాలు ఉండవు. ఆ సంగతి రోగికి ముందే చెప్పాలి.

ముడులన్నీ నాళానికి వెలుపలే ఉండాలి. ముగించే ముందు గాయంలో సెలైన్ పోసి, మత్తు వైద్యుణ్ణి ఊపిరితిత్తులకు గాలి నెట్టమని అడుగు. ఒక్క బుడగ లేచినా ఆ చోట మళ్లీ కుట్టు. లాగుడు ఉందనిపిస్తే గడ్డాన్ని ఛాతీకి కలుపుతూ ఒక కుట్టు వేసి వారం దాకా ఉంచు. బ్రాంకోస్కోపుతో అంచులు చూసుకున్నాకే దాన్ని విప్పు.