నాలుగు రోజుల్లో ఐదు ఊళ్లు వద్దు

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. సెలవుల్లో నాలుగు రోజులు అన్నవరం, సింహాచలం, విశాఖ, అరకు, అరసవల్లి చూపిద్దామంటే మావారు ‘దానికేం గుర్తుంటుంది, ఆ డబ్బు ట్యూషన్‌కి కట్టొచ్చు’ అంటున్నారు. రోజూ ఇదే గొడవ. ఏం చేయమంటారు? – ఓ సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీవారి మాటలో కొంత నిజముంది. మూడేళ్లప్పుడు చూసినవి పెద్దయ్యాక దాదాపు గుర్తుండవు. తొమ్మిదేళ్లకి అలా కాదు, తన చేత్తో చేసిన పని బాగా గుర్తుంటుంది. కానీ మీ లెక్కన తిరిగితే పాపకు మిగిలేది అలసటే. విశాఖ, అరకు చాలు. మిగతా మూడూళ్ల ఖర్చు ఆయన చెప్పిన ట్యూషన్‌కే పెట్టండి.

అరకుకు పొద్దుటి రైల్లో వెళ్లండి. ఘాట్ రోడ్డు మలుపుల్లో చాలామంది పిల్లలకు వాంతులవుతాయి. విశాఖలోనే పాప చేతికి ఓ నోటుబుక్కు, విప్పని చిప్స్ ప్యాకెట్ ఇవ్వండి. స్టేషన్ పసుపు బోర్డు మీద సముద్ర మట్టానికి ఎంత ఎత్తో రాసి ఉంటుంది, రైలు ఆగినచోటల్లా అది రాసుకోమనండి. శిమిలిగూడ దగ్గర అది 996 మీటర్లు. అప్పటికి ప్యాకెట్ బిర్రుగా ఉబ్బి ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఇది ముందే చెప్పేయకండి. ‘ఎందుకమ్మా?’ అని తను అడిగాక చెప్పండి.

బొర్రా గుహలకు మర్నాడు వెళ్లండి. దీనికి ఇంట్లోనే ఓ పని ఉంది: గ్లాసు వెనిగర్‌లో కోడిగుడ్డు పెంకు వేసి చూపించండి, బుడగలొస్తాయి. పెంకులో ఉన్నదీ ఆ గుహల సున్నపురాయిలో ఉన్నదీ ఒకటే, కాల్షియం కార్బొనేట్. వాన నీళ్లు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకొని కొద్దిగా ఆమ్లమై ఆ రాయిని కరిగిస్తాయి, గుహలో చుక్కలుగా కారేటప్పుడు మళ్లీ వదులుతాయి. పైనుంచి వేలాడే రాతికొన దగ్గర పది నిమిషాలు ఆగండి. కొనకి చుక్క వేలాడుతుంటే, అది పడేచోట రాయి లేచిందేమో పాపనే వెతకనివ్వండి. మెట్లు తడిగా ఉంటాయి, జారని చెప్పులు వేయండి.

చాలామంది తల్లిదండ్రులు ఇంటికొచ్చాక పాడుచేస్తారు. ‘ఏం నేర్చుకున్నావు, వ్యాసం రాయి’ అంటారు. అది మాత్రం చేయకండి. నోటుబుక్కు తనది, తను చూపిస్తేనే చూడండి.

మీవారికి టికెట్ల పని అప్పగించండి, పాపను పక్కన కూర్చోబెట్టుకొని టైమ్‌టేబుల్ చూసి చేయమనండి. ఐదు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు స్లీపర్‌లో విడిగా బెర్తు వద్దంటే సగం చార్జీ, కావాలంటే పూర్తి చార్జీ. తెనాలి నుంచి రాత్రి ప్రయాణమైతే బెర్తు తీసుకోండి. నిద్ర చాలకపోతే విశాఖలో దిగేసరికే పాప చిరాకు పడుతుంది.