లాడాలు కొట్టే మనిషి మారగానే గుర్రం కుంటుతుంటే

లాడాలు కొట్టే మీరు ఊరు మారి, పాత ఖాతాలను (మీరు లాడాలు కొట్టే గుర్రాలను) ఇంకొకతనికి అప్పగించారు. వాటిలో రెండు గుర్రాలు కొత్తతను కొట్టిన మొదటి లాడాలకే కుంటుతున్నాయన్నారు. ఫోన్ నంబరు ఒక్కటే అప్పగించి, గిట్టల లెక్క అప్పగించకపోవడమే కారణమై ఉండొచ్చు.

1. ముందు ఆ రెండూ. కొట్టిన 1-2 రోజుల్లోనే కుంటుతూ, గిట్ట వేడెక్కితే మేకు లోపలి మెత్తటి భాగానికి దగ్గరగా దిగి ఉండొచ్చు. ఒక్కో మేకునూ చిన్నగా తట్టించి, కాలు లాక్కున్న చోటిది వెంటనే తీయించండి. రక్తం గానీ చీము గానీ కనిపిస్తే పశువైద్యుణ్ణి పిలిపించండి, ధనుర్వాతం టీకా సంగతీ అడగమనండి.

2. మిగతా ప్రతి గుర్రానికీ ఒక కాగితం: ముందువైపు వెంట్రుకల అంచు నుంచి నేల దాకా గిట్ట పొడవు, కోణం, లాడం సైజు, మేకు సైజు, చివరిసారి కొట్టిన తేదీ. నాలుగు కాళ్ళకూ విడివిడిగా.

3. తేలిగ్గా మరిచిపోయేది ఇదే: ఊడదీసిన పాత లాడాలు పారేయనివ్వొద్దు. ఏ కాలివో రంగుతో గుర్తు పెట్టి కొత్తతనికి ఇప్పించండి. ఏ అంచు ఎక్కువ అరిగిందో చూస్తే గుర్రం బరువు ఎటు మోపుతోందో తెలుస్తుంది. కాగితం మీది అంకెలు ఆ సంగతి చెప్పవు. వీలైతే లాడాలు కొట్టే ఒక్క విడతకైనా వెళ్ళి పక్కన నిలబడండి, పాపం ఆ గుర్రాలకు మీ చెయ్యే అలవాటు.

4. కోణం తప్పనిపించినా ఒకేసారి మార్చొద్దు, 2-3 విడతల్లో సరిచేయమనండి. విడతకూ విడతకూ మధ్య 6-8 వారాలు.