దారి తప్పిన కుక్కను ఇంటికి చేర్చాలంటే

చి. సౌ. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. దీపావళి రాత్రి నుంచి మీ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ల్యాబ్రడార్ ఒకటి తచ్చాడుతోందని, దగ్గరికెళ్తే పారిపోతోందని రాశావు. బాంబుల మోతకు బెదిరి ఇల్లు దాటి ఉంటుంది. అంత భయంలో ఉన్న కుక్క ఒక్కోసారి సొంతవాళ్ళు పిలిచినా రాదమ్మా. వెంటపడకు. తరిమితే రోడ్డు మీదికి ఉరుకుతుంది, బండి కింద పడేది అప్పుడే.

కాస్త దూరంలో, దానికి ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి నేల మీద కూర్చో. కళ్ళలోకి చూడకు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం ఎముకలు తీసేసి ఒక్కో ముక్కే విసురు, ప్రతి ముక్కా ముందుదాని కంటే నీకు జానెడు దగ్గరగా పడాలి. మిగిలిన కూర మాత్రం వద్దు, ఉల్లీ వెల్లుల్లీ కుక్కల రక్తాన్ని పాడుచేస్తాయి. అది నీ చెయ్యి వాసన చూశాక, తల మీద కాదు, గడ్డం కింద నిమురు. నడిపించే తాడు లేకపోతే చున్నీ చాలు. ఒక కొసన చిన్న కన్నులా ముడేసి, రెండో కొసను అందులోంచి లాగితే జారే ఉచ్చు అవుతుంది. దాంతో నడిపించు గానీ ఎక్కడా కట్టెయ్యకు, గింజుకుంటే మెడకు బిగుస్తుంది.

గుర్రుమంటే ఆగిపో. చొంగ కారుస్తూ, తూలుతూ, కనబడినదాన్నల్లా కొరుకుతుంటే అసలు ముట్టుకోకు, మున్సిపాలిటీకి చెప్పు. పన్ను తగిలినా, గోరు గీరినా 15 నిమిషాలు సబ్బుతో, పారే నీళ్ళ కింద కడుక్కుని అదే రోజు రేబిస్ టీకాకి వెళ్ళు.

చేతికి చిక్కాక మెడ చుట్టూ వెంట్రుకలు విడదీసి చూడు. పెంపుడు కుక్కకైతే మెడపట్టీ వేసిన చోట జుట్టు అణిగి గాడిలా ఉంటుంది. చెవి కొస కత్తిరించి ఉందా అన్నదీ చూడు. ఉంటే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి వదిలిన వీధికుక్క కావచ్చు. దాని ఇల్లు ఆ వీధే, కదిలించకు.

తర్వాత పశువుల డాక్టరు. కొందరు పెంపుడు కుక్కకి గుర్తింపు కోసం ఒంట్లో చిన్న చిప్ వేయిస్తారు. దాన్ని చదివే యంత్రం అందరి దగ్గరా ఉండదు, ఫోన్ చేసి అడిగి వెళ్ళు. చిప్ భుజాల మధ్య చర్మం కింద వేస్తారు గానీ, అది ఒక్కోసారి జారి భుజం దాకా, ముందుకాలి దాకా పోతుంది. అందుకే వీపు మీద ఒక్కసారి తిప్పి ‘లేదు’ అంటే ఒప్పుకోకు, రెండు పక్కలా మెల్లగా చూడమను. అందులో పేరుండదు, 15 అంకెల నంబరుంటుంది. అది ఎవరి పేరున నమోదైందో వెతికించాలి.

పోస్టర్‌లో మూడే ఉండాలి: పెద్ద ఫొటో, దొరికిన చోటూ తేదీ, నీ ఫోన్ నంబరు. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయి. దొరికిన చోటి చుట్టూ కిలోమీటరు, రెండు కిలోమీటర్లు అంటించు. వాట్సాప్ కంటే ముందు పాలవాళ్ళనీ, పేపరు అబ్బాయినీ, వాచ్‌మన్‌లనీ అడుగు. ఏ ఇంట్లో ఏ కుక్క ఉందో వాళ్ళకి తెలుస్తుంది.

ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకో. ఒక్క గుర్తు ఎవరికీ చెప్పకుండా దాచు, ఫొటోలోనూ పడనివ్వకు. పొట్ట కింద తెల్లమచ్చో, వెనక కాలి మీద పాత గాయమో ఏదో ఒకటి. ‘మాదే’ అంటూ వచ్చినవాళ్ళు నువ్వు అడగ్గానే దాన్ని చెప్పగలగాలి. పాత ఫొటోలూ, టీకాల కార్డూ చూపించమను. తోక ఊపింది కదా అని ఇచ్చెయ్యకు, ల్యాబ్రడార్లు కొత్తవాళ్ళకీ ఊపుతాయి. ముందు డబ్బు పంపమనో, ఓటీపీ చెప్పమనో అడిగితే ఫోన్ పెట్టెయ్యి.

ఈలోగా మీ కుక్కపిల్ల దగ్గరికి దాన్ని రానివ్వకు. పార్వో, డిస్టెంపర్ లాంటి కుక్కల అంటురోగాలు ఒంట్లో ఉన్నా మొదట్లో బయటపడవు. వేరే గది, వేరే గిన్నె, నువ్వు చేతులు కడుక్కుని ఇవతలికి రావడం, ఇవన్నీ రెండు వారాల పాటు.

సొంతవాళ్ళు దొరకగానే పోస్టర్లన్నీ నువ్వే తీసెయ్యి, లేదంటే నెల దాటినా ఫోన్లు వస్తూనే ఉంటాయి. చిప్ సంగతి ఏమైందో రేపు రాయి.

ఇట్లు,
పెద్దమ్మ