మండువా మూయకండి, సిమెంటు పూయకండి

తాతల నాటి రాతి ఇంటి గోడలు అడుగున పెచ్చులూడుతున్నాయి, సిమెంటు పూత వేయించవచ్చా, ఇంటి మధ్య ఆకాశానికి తెరిచి ఉండే మండువాపై స్లాబు వేసి ఒక గది కలుపుకోవచ్చా అని మీరు అడిగారు. పాలకొల్లులోని మా ఇంట్లో ఈ రెండు పనులూ జరిగాయి. ఆ అనుభవంతో రెండూ వద్దనే చెబుతున్నాను.

మన గోదావరి డెల్టాది ఒండ్రు నేల, రాయి ఇక్కడ దొరకదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువల్లో పడవలు తిరిగిన రోజుల్లో మా ఇంటి రాయి అటునుంచే వచ్చిందని తాతయ్య చెప్పేవారు. అంత దూరం నుంచి తెచ్చుకున్న రాయి కనుక పునాదికి, కిటికీల అడుగు వరకే వాడారు. ఆపైన ఇటుక. రెండింటినీ పట్టి ఉంచేది గానుగ సున్నం, అంటే ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం.

1980లలో నాన్నగారు ఆ గోడలకు సిమెంటు పూయించారు. రెండు మూడు వానాకాలాలు బాగానే ఉంది. తర్వాత మోకాలి ఎత్తున ఉండే చెమ్మ భుజం ఎత్తుకు ఎక్కింది. నేను ఆ పూత తీయించిన రోజు తాపీమేస్త్రి ఉలి పెట్టి తట్టగానే అది పలకలు పలకలుగా ఊడి వచ్చింది. వెనక ఇటుక మీద తెల్లటి ఉప్పు. వేలితో గీస్తే ఎర్రటి పొడి రాలింది. నేలలోని తడిని గోడ ఎప్పుడూ పైకి పీలుస్తూనే ఉంటుంది. సున్నపు పూత దాన్ని గాలికి ఆరనిస్తుంది, ఉప్పు తన మీదకు తీసుకుని కొన్నేళ్లకు తానే రాలిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. అప్పుడు తడి ఇంకా పైకి పాకుతుంది, ఉప్పు ఇటుకను తినేస్తుంది. కాబట్టి మీ ఇంట్లో రాలుతున్నది సున్నపు పూతే అయితే భయపడకండి, అది తన పని చేస్తోంది.

మేము తడి కనిపించిన గీతకు రెండు అడుగుల పైవరకు సిమెంటు ఊడగొట్టించి, ఒక వేసవి అంతా గోడను అలాగే వదిలేశాం. ఆ తర్వాత నానబెట్టిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు కలిపి పూయించాం. ఈ పని తెలిసిన మేస్త్రి కోసం నెలల తరబడి వెతకాల్సి వచ్చింది.

మరొకటి తప్పకుండా చూడండి. మా మండువా చుట్టూ ఉన్న టేకు స్తంభాలు రాతి దిమ్మెల మీద నిలబడి ఉండేవి. చెమ్మ, చెద కర్రను అంటకుండా పెద్దలు చేసిన ఏర్పాటు అది. నాపరాళ్ల మీద మొజాయిక్, దాని మీద టైల్స్ వేస్తూ పోయేసరికి దిమ్మెలు నేలలో కలిసిపోయాయి. ఒక స్తంభం అడుగు స్పాంజిలా మెత్తబడింది. టైల్స్ తవ్వించి ఆ దిమ్మెను మళ్లీ చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. వీధి సంగతీ అంతే. అరుగు ఎక్కడానికి ఒకప్పుడు ఐదు మెట్లు ఉండేవి, రోడ్డు మీద రోడ్డు వేయగా ఇప్పుడు రెండే మిగిలాయి.

ఇక మండువా. నాలుగు వైపుల పెంకుల నుంచి జారిన వాన నీరు మండువాలో పడి తూము గుండా వీధిలోకి పోతుంది. వేడి గాలి పైకి పోయేదీ, గదులకు వెలుగు వచ్చేదీ అక్కడి నుంచే. మా ఇంట్లో స్లాబు కోసం పాత గోడలను తొలిచి ఇనుప చువ్వలు దించారు. ద్వారబంధాల మూలల్లో బీటలు వచ్చాయి, వంటింట్లో పట్టపగలే దీపం వేసుకోవాల్సి వచ్చింది. కొత్త గది కావాలంటే పెరటి వైపు విడిగా కట్టుకోండి, దాని బరువు పాత గోడ మీద పడనివ్వకండి.

ఈ వానలు మొదలయ్యేలోగా తూములో ఒక బిందె నీళ్లు పోసి చూడండి. నీరు వీధి వైపు నుంచి బయటకు రాకపోతే మీ గోడల చెమ్మలో కొంత అక్కడి నుంచే వస్తూ ఉండవచ్చు. పూత సంగతి తర్వాత, ముందు తూము బాగు చేయించండి.