ఆ రోలు ఎప్పుడు బరువెక్కుతుంది?

చిన్నీ,

మొన్న ఫోన్లో "ఏం లేదు పెద్దమ్మా, కొంచెం వర్క్ ప్రెషర్" అన్నావు. మీ అమ్మ మాత్రం వేరే కథ చెప్పింది. రాత్రి మూడింటికి హాల్లో లైటు వెలుగుతుంటుందట, సోమవారం పొద్దున్నే కడుపు పట్టుకుని మంచం మీద కూర్చుంటావట, ఆర్నెల్లుగా ఇదే వరసట. ఆర్నెల్లు వదలనిదాన్ని కొంచెం అనరమ్మా. థెరపిస్టు దగ్గరికి వెళ్లమని అల్లుడు చెప్పినా, ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక ఊరుకున్నావని కూడా తెలిసింది. అందుకే ఈ ఉత్తరం. బ్యాంకులో ఉండగా నేనూ ఆ గడపలు ఎక్కి దిగాను. మొదట రెండు చోట్ల డబ్బు తగలేశాను కూడా.

నాది కడుపు నొప్పి కాదు, దవడ నొప్పి. పొద్దున్న లేచేసరికి నోరు తెరవలేకపోయేదాన్ని. గ్యాస్ అనీ, మెడ నరం అనీ ఎన్ని మందులు మింగానో. చివరికి పళ్ల డాక్టరు నా పళ్లు అరిగిపోవడం చూసి, "రాత్రిళ్లు పళ్లు కొరుకుతున్నారమ్మా, దేని గురించి?" అన్నాడు. అంతవరకూ ఏ డాక్టరూ నన్ను ఆ మాట అడగలేదు.

అప్పుడు వెళ్లిన మొదటి మనిషి అపార్ట్‌మెంట్ కింద 'కౌన్సెలర్' అని బోర్డు పెట్టుకున్న ఒకాయన. ముందే పది సిట్టింగులకి డబ్బు కట్టించుకుని, గంటలో ముప్పావు గంట తన జీవితం గురించే చెప్పాడు. తప్పు నాది కూడా, ఏం చదివారని అడగలేదు. మన దగ్గర ఆ బోర్డు పెట్టుకోవడానికి పెద్దగా అడ్డేమీ లేదు. కానీ 'క్లినికల్ సైకాలజిస్ట్' అని చెప్పుకోవాలంటే భారత పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో, పేరు నమోదై ఉండాలి. వాళ్లకి ఒక నంబరు ఉంటుంది, ఆ రిజిస్టరు నెట్‌లో చూసుకోవచ్చు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ మీద ఎండీయో, డీపీఎమ్మో చేసిన డాక్టరు. మందులు రాసేది ఆయనే. సైకాలజిస్టు మాటలతో, అభ్యాసాలతో పని చేస్తారు, మాత్రలు రాయరు. సైకాలజీలో పీజీ చేసి పద్ధతిగా ట్రైనింగ్ తీసుకున్న కౌన్సెలర్లలోనూ మంచివాళ్లున్నారు. ఎక్కడ, ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడుగు. అడిగితే చిన్నబుచ్చుకునేవాళ్ల దగ్గరికి వెళ్లనే వద్దు.

రెండోచోట డిగ్రీలకి లోటు లేదు. ఆవిడ ఇంగ్లీషులో అడిగేది, నేను హెడ్డాఫీసుకి లెటర్ రాసినట్టు జవాబు చెప్పేదాన్ని. టార్గెట్లు, ఆడిట్, స్టాఫ్ షార్టేజీ. అన్నీ నిజాలే. బయటికొచ్చాక మాత్రం ఉసూరుమనేది. దవడ నొప్పి ఎక్కడిదక్కడే ఉంది.

మూడో ఆవిడ తెలుగులోనే మాట్లాడింది. ఎలా ఉంటుంది అని అడిగితే, నా నోటి నుంచి "గుండెల మీద రోలు పెట్టినట్టుంటుందండీ" అని వచ్చింది. ఆవిడ నవ్వలేదు, రాసుకోలేదు. "ఆ రోలు ఎప్పుడు బరువెక్కుతుంది?" అంది. ఆలోచిస్తే, లెడ్జరు కలవనప్పుడు కాదు. సాయంత్రం ఆరింటికి బ్యాంకు తాళాలు తీసుకుని ఇంటికి బయల్దేరేటప్పుడు. అప్పటికి మా అత్తగారు మంచాన పడి రెండేళ్లు. పగలు చూసే ఆయా వెళ్లిపోయేది, నా రెండో డ్యూటీ మొదలయ్యేది. విసుక్కోవడం పాపం అనుకుని పళ్లు బిగబట్టానన్నమాట, అక్షరాలా. ఇంగ్లీషులో అయితే ఆ రోలు బయటికి వచ్చేది కాదు. నీ ఆఫీసు ఇంగ్లీషు నాకంటే బాగుంటుంది కాబట్టే చెబుతున్నాను, తెలుగు తెలిసిన మనిషినే వెతుక్కో.

ముందు మాత్రం మామూలు ఫిజీషియన్ దగ్గరికి వెళ్లి థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ చూపించుకో. థైరాయిడ్ తేడా చేసినా నిద్ర పట్టదు, గుండె దడదడలాడుతుంది.

తర్వాత ఇద్దరు ముగ్గురికి ఫోన్ చెయ్యి. ఫీజెంత, ఎంతసేపు, ఏ పద్ధతిలో పని చేస్తారు, రాలేకపోతే డబ్బు పోతుందా, ఇవి మొహమాటం లేకుండా అడుగు. చీర కొనేటప్పుడు నువ్వు వేసే ప్రశ్నల్లో సగం చాలు. హైదరాబాదులో ప్రైవేటుగా అయితే ఒక్కో సిట్టింగుకి 1,000 నుంచి 2,500 రూపాయల దాకా పట్టొచ్చు. మీ కంపెనీలో ఉద్యోగులకి ఉచిత కౌన్సెలింగ్ ఉందేమో హెచ్‌ఆర్ పేజీలో వెతుకు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెబితే మనవాళ్లు ఇప్పటికీ జోకులేస్తారు, వెయ్యనీ. 2017 మానసిక ఆరోగ్య చట్టం వచ్చాక మానసిక వైద్యాన్ని కూడా ఇన్సూరెన్స్ వాళ్లు ఒంటి జబ్బుల్లాగే చూడాలి. అయితే చాలా పాలసీల్లో ఓపీ ఖర్చు రాదు, నీది చదువుకో.

మొదటి సిట్టింగులో నిద్ర, తిండి, ఇల్లు, పాత జబ్బులు అన్నీ అడుగుతారు. ఖాళీ చేతులతో వెళ్లకు. రెండు వారాలు ఒక కాగితం మీద ఎప్పుడు కడుపు పట్టేసింది, దానికి ముందు ఏం జరిగింది, అంతే రాయి. నేను పాల చీటీల వెనకాల రాసుకున్నాను. మూడు సిట్టింగులు అయ్యాక చూసుకో. ఇంకా మర్యాదకి మాట్లాడుతుంటే, ఆ మనిషి నీకు కుదరలేదన్నమాట. మార్చేయి, వాళ్లేమీ అనుకోరు. అలాగని ఏడుపొచ్చింది కదా అని మానేయకు. నాకు మూడో సిట్టింగు తర్వాత రెండ్రోజులు తలనొప్పి. దవడ వదులవడానికి నాలుగు నెలలు పట్టింది, అత్తగారి రాత్రి డ్యూటీలో మీ పెదనాన్నకి సగం అప్పగించాకే. నిద్ర కోసం డాక్టరు మాత్రలు రాస్తే వాడు, సొంతంగా ఆపకు.

నువ్వు చెప్పినవి వాళ్లు బయట చెప్పకూడదు. నీకో ఇంకొకరికో ప్రాణం మీదికి వచ్చేలా ఉంటే తప్ప. ఇంట్లో గోడలకి చెవులున్నాయంటే వీడియో కాల్ సిట్టింగు చేసుకో, సెల్లార్లో కారు అద్దాలెత్తుకుని. హనుమాన్ చాలీసా చదువుకోమని మీ అమ్మ అంటుంది. చదువుకో, దానికీ దీనికీ పోటీ లేదు.

ఒక్కటి మాత్రం వాయిదా వెయ్యకు. బతకడం ఎందుకు అనిపిస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. 14416కి చెయ్యి, అది టెలిమానస్ అనే మానసిక సాయం ఫోన్ లైను, 2022 అక్టోబరులో కేంద్రం పెట్టింది. రాత్రీ పగలూ ఉంటారు, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ తర్వాత నాకు చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

శనివారం పొద్దున పదింటికి ఫోన్ చేస్తాను. అప్పటికి రక్తపరీక్షకి ఇచ్చావా లేదా అదొక్కటే అడుగుతాను, ఇంకేం అడగను. పాపని ఎవరు చూస్తారనుకుంటే నెల రోజులు నేనొచ్చి ఉంటాను, మీ పెదనాన్నకి వంట వచ్చులే ఇప్పుడు.

మీ పెద్దమ్మ