రైలో షెర్రీ, పులుసులో బెల్లం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో కెనడా రై విస్కీల గురించి రాస్తూ, కొన్నింటిలో షెర్రీ కలుపుతారని ఒక్క వాక్యం అన్నాను. ఆ ఒక్క వాక్యం మీదే బోలెడు ఉత్తరాలు వచ్చాయి, అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా బావమరిది కాల్గరీ నుంచి వస్తూ ఆల్బర్టా ప్రీమియం డార్క్ హార్స్ అనే సీసా తెచ్చాడు. రై విస్కీ అట, అందులో షెర్రీ ఉందట. "రై అంటే ఆవాలు కదా, ఆవాలతో విస్కీ ఏంటి?" అంటోంది మా ఆవిడ. షెర్రీ అంటే చెర్రీ పండ్ల రసమేనా?
– హైదరాబాద్ పాఠకుడు

జవాబు: హిందీలో ఆవాలని రాయీ అంటారు కాబట్టి మీ ఆవిడకి ఆ అనుమానం రావడం సహజమేనండీ. ఈ రై మాత్రం గోధుమకి దగ్గర చుట్టం, గోధుమ గింజే ఇంకాస్త సన్నగా, పొడుగ్గా, బూడిద పచ్చగా ఉన్నట్టుంటుంది. చలికాలానికి ముందు విత్తితే మొలకెత్తి, మంచు కింద నెలల తరబడి ఓర్చుకుని, ఎండలు రాగానే మళ్లీ లేస్తుంది. అంత మొండి పంట కాబట్టే కెనడా మైదానాల్లో నిలబడింది. కాకపోతే దాంతో విస్కీ చెయ్యడం కష్టం, ఉడికిస్తే జావ జిగురుగా సాగుతుంది, పులిసేటప్పుడు నురుగు పొంగుతుంది. చాలామంది ఆ బాధ పడలేక మొక్కజొన్నతో ఎక్కువ భాగం చేసి, రైని కాస్త వాడతారు. కాల్గరీలో 1946లో పుట్టిన ఆల్బర్టా డిస్టిలర్స్ మాత్రం రై మీదే పేరు తెచ్చుకుంది.

షెర్రీకీ చెర్రీ పండుకీ సంబంధం లేదు. దక్షిణ స్పెయిన్‌లో హెరెజ్ అనే ఊరుంది, ఆ చుట్టుపక్కల చేసే ద్రాక్ష వైన్‌కి ద్రాక్ష సారా కలిపి బలం పెంచి, పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచితే అదే షెర్రీ. అందులో ఓలొరోసో అనే రకం గాలి తగులుతూ ముదిరి వాల్‌నట్, ఎండిన నారింజ తొక్క వాసన వేస్తుంది. పెడ్రో హిమెనెజ్ అనే ద్రాక్షని ఎండలో ఆరబెట్టి చేసేదైతే నల్లగా, చిక్కగా, అచ్చం ఎండుద్రాక్ష పాకంలా ఉంటుంది.

ఇక మీ సీసా సంగతి. దాంట్లో 91 శాతం రై విస్కీ, 8 శాతం బోర్బన్ (ఎక్కువ భాగం మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీ), 1 శాతం షెర్రీ. 750 మిల్లీలీటర్ల సీసా అనుకుని లెక్క వేయండి, బోర్బన్ 60 మిల్లీలీటర్లు, అంటే మన లార్జ్ పెగ్గు ఒకటి. షెర్రీ ఏడున్నర మిల్లీలీటర్లు, టీస్పూన్‌తో కొలిస్తే ఒకటిన్నర. సీసా మొత్తానికి అంతే!

ప్రశ్న: ఆఫీసులో స్కాచ్ తాగే పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. "మీ కెనడా వాళ్లది విస్కీయే కాదు, వైన్ పోసి అమ్ముతారు, కల్తీ సరుకు" అంటారు. ఏం చెప్పాలో తెలీక ఊరుకుంటున్నాను. నిజంగా కల్తీయేనా?
– కాల్గరీ పాఠకుడు

జవాబు: కల్తీ అంటే దొంగచాటుగా, చట్టానికి విరుద్ధంగా కలిపేది. కెనడాలో ఇది చట్టం ఒప్పుకున్న పనే. అక్కడ విస్కీ 700 లీటర్లకు మించని చెక్క పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉండాలి, సీసాలో 40 శాతం ఆల్కహాల్‌కి తగ్గకూడదు. దానికి 9.09 శాతం దాకా వైన్ గానీ, కనీసం 2 ఏళ్లు పీపాలో ఉన్న వేరే మద్యం గానీ కలుపుకోవచ్చు. ఈ 9.09 ఏం విచిత్రమైన అంకె అనిపిస్తుంది కదా, పది పాళ్ల విస్కీకి ఒక పాలు కలిపితే మొత్తం పదకొండు పాళ్లలో ఆ ఒక్క పాలు వాటా అన్నమాట. డార్క్ హార్స్‌లో 8కి 1 కూడితే 9, గీత దాటకుండా సరిగ్గా లోపలే ఆగారు.

స్కాట్లాండ్‌లో వైన్ నేరుగా పొయ్యడానికి వీల్లేదు, అంతవరకు మీ పెద్దాయన మాటలో అర్థముంది. కానీ షెర్రీ పీపాలో నానబెట్టవచ్చు, ఆ పీపా చెక్క పీల్చుకున్న షెర్రీ మళ్లీ విస్కీలోకే దిగుతుంది. అందుకోసమే కొత్త పీపాల్లో కొన్నాళ్లు షెర్రీ పోసి ఉంచి, చెక్క బాగా నానాక స్కాట్లాండ్ పంపించే వ్యాపారం స్పెయిన్‌లో పెద్దదే. నన్నడిగితే రెండు పద్ధతులూ మర్యాదైనవే, రుచి మాత్రం ఒకలా ఉండదు. పీపాలో నానితే చెక్క వగరు, షెర్రీ వాసన కలిసిపోయి వస్తాయి. నేరుగా కలిపితే పండు వాసన సూటిగా, తడిగా తెలుస్తుంది.

మా ఇంట్లో పులుసు పెట్టేటప్పుడు దించే ముందు చిన్న బెల్లం ముక్క వేస్తారు. ఎవరూ దాన్ని బెల్లం పులుసు అనరు, చింతపండు పులుపుకి మొన తగ్గి గుండ్రంగా అవుతుంది, అంతే. ఆ ముక్క వెయ్యడం మర్చిపోయిన రోజు ముద్ద నోట్లో పెట్టగానే తెలిసిపోతుంది. రైలో షెర్రీ పని అచ్చం అదే. ఎక్కువైతే మాత్రం రై చచ్చిపోతుంది, నాకు ఆ రకం నచ్చదు.

నాకున్న కోపం వేరే చోట ఉంది. కెనడాలో "కెనడియన్ విస్కీ", "రై విస్కీ" అనే రెండు పేర్లూ చట్టం దృష్టిలో ఒకటే, రై గింజ ఇంత ఉండాలన్న నియమం లేదు. అమెరికాలో రై అని రాయాలంటే కనీసం 51 శాతం రై ఉండాలి. పైగా కెనడాలో ఏం కలిపారో సీసా మీద రాయాల్సిన పని కూడా లేదు. కొనేవాడికి కలిపినదేంటో చెప్పాలి, చెప్పి తీరాలి. మీ పెద్దాయన ఈ మాట ఎత్తితే నేను ఆయన పక్షమే.

ప్రశ్న: ఎండుద్రాక్ష, అంజీర, చాక్లెట్, లవంగం అంటూ ఏవేవో రాస్తారు గానీ, నేను గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే స్పిరిట్ వాసన తప్ప ఇంకేం రాదండీ. నా ముక్కులో లోపమా? రుచి చూసే పద్ధతి మొదట్నుంచీ చెప్తారా?
– బ్రాంప్టన్ పాఠకుడు

జవాబు: మీ ముక్కుకి ఏం కాలేదు. చాలావరకు గ్లాసు, చలి, తొందర ఈ మూడే కారణం.

మొదట గ్లాసు. వెడల్పు మూతి గ్లాసులో వాసన పైకి ఎగిరిపోతుంది. అడుగు ఉబ్బి, మూతి దగ్గర సన్నబడే తులిప్ పువ్వు ఆకారం గ్లాసు దొరికితే తెచ్చుకోండి, లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. 30 మిల్లీలీటర్లు పొయ్యండి, పొయ్యగానే తాగకండి, పది నిమిషాలు అలా వదిలేయండి.

చలి గురించి ఒక మాట. కిందటి జనవరిలో కారు డిక్కీలోంచి సీసా తీసుకొచ్చి అప్పటికప్పుడే గ్లాసులో పోశాను, బయట గడ్డకట్టే చలి. నూనెలా చిక్కగా జారింది గానీ వాసన అన్నదే లేదు, చెక్కపొడి వాసన ఏదో కాస్త వచ్చి ఆగిపోయింది. పాడైందేమో అనుకున్నాను. గ్లాసుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చున్నాను, పావుగంటయ్యేసరికి ముందు మిరియం, తర్వాత శొంఠి, ఇంకాసేపటికి అడుగునుంచి ఎండుద్రాక్ష ఒక్కొక్కటే లేచి వచ్చాయి. అదే సీసా, అదే గ్లాసు, మారింది వేడి ఒక్కటే. ఆరోజు నుంచి నేను గ్లాసు చేత్తో తాకి చూడకుండా వాసన చూడను.

ఇప్పుడు ముక్కు. గ్లాసులో ముక్కు దూర్చి గట్టిగా పీల్చకండి, ఆల్కహాల్ ఆవిరి కొడితే ముక్కు మొద్దుబారి ఇంకేం తెలీదు. గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కాస్త తెరిచి, మామూలుగా ఊపిరి తీసుకుంటూ మెల్లగా పైకి తీసుకురండి. నోరు తెరిచి ఉంచితే ఘాటు తగ్గుతుంది, ఈ చిన్న కిటుకుతో సగం సమస్య తీరిపోతుంది. మధ్యమధ్యలో మీ చేతి మణికట్టు వాసన చూసుకుంటే ముక్కు మళ్లీ తేరుకుంటుంది.

ఇంకో పని చెయ్యండి, నేను అందరికీ ఇదే చెప్తాను. వంటింట్లోకి వెళ్లి ఒక లవంగం, రెండు మిరియాలు, చిన్న శొంఠి కొమ్ము, నాలుగు ఎండుద్రాక్షలు, ఒక ఖర్జూరం విడివిడిగా గిన్నెల్లో పెట్టుకోండి. ఒక్కోటీ నలిపి వాసన చూసి, వెంటనే గ్లాసు వాసన చూడండి. మనం పోపుల డబ్బా మధ్య పెరిగినవాళ్లం, లవంగానికీ దాల్చినచెక్కకీ తేడా కళ్లు మూసుకుని చెప్పగలం, ఆ విద్య ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. విస్కీలో లవంగం వాసన ఊరికే అనే మాట కాదు కూడా, లవంగానికి ఆ వాసన ఇచ్చే యూజెనాల్ అనే పదార్థమే ఓక్ పీపా చెక్కలోనూ ఉంటుంది.

తర్వాత నాలుక. మొదటి చుక్కని లెక్కలోకి తీసుకోకండి, అది నోరు అలవాటు పడటానికి. రెండో గుటక చిన్నది తీసుకుని, నాలుక చుట్టూ తిప్పి, నిదానంగా మింగండి. ఏది ముందొచ్చింది, ఏది వెనకొచ్చింది అన్నది చూడాలి, రుచిలో నేను పట్టుకునేది అదే. మంచి సీసాలో రై ముందు నిలబడాలి, అంటే మిరియం ఘాటు, శొంఠి, కాల్చిన రొట్టె అంచు వాసన, కాస్త పచ్చి ఆపిల్. ఆ ఘాటు తగ్గుముఖం పట్టేటప్పుడు షెర్రీ రావాలి, ఎండుద్రాక్ష, నారింజ తొక్క, కాస్త వగరు. మింగాక ముక్కుతో ఊపిరి వదలండి, చివరి రుచి అక్కడే ఉంటుంది. మొదటి క్షణంలోనే తీపి వచ్చి మీద పడి, రై కోసం వెతుక్కోవాల్సి వస్తే ఆ సీసా నా లెక్కలో తప్పింది.

డార్క్ హార్స్ 45 శాతం కాబట్టి కొందరికి ఘాటు ఎక్కువనిపిస్తుంది. అర టీస్పూన్ చొప్పున నీళ్లు కలుపుతూ ప్రతిసారీ వాసన చూడండి. 30 మిల్లీలీటర్లకి మొత్తం రెండు టీస్పూన్లు పోస్తే 34 శాతం దగ్గరికి దిగుతుంది, నాకైతే అంతకు ముందే, ఒక టీస్పూన్ దగ్గరే పండు బాగా విచ్చుకుంటుంది.

ఆఖరున గ్లాసు కడగకుండా రాత్రంతా వదిలేయండి. పొద్దున్న ఆరిపోయిన గ్లాసు వాసన చూడండి, ఆల్కహాల్ పోయి చెక్క, ఎండుద్రాక్ష మాత్రమే మిగిలి ఉంటాయి. ముక్కుకి ఏమీ అందలేదన్న మీలాంటి స్నేహితుడు ఒకాయన ఆ పొద్దుటి గ్లాసుతోనే షెర్రీని మొదటిసారి పట్టుకున్నాడు.

ప్రశ్న: కోక్, ఐసు వేసుకుంటే పాపమా? మంచింగ్ ఏం పెట్టాలి?
– విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: పాపం లేదమ్మా. కెనడాలో రైకి జింజర్ ఏల్ (అల్లం రుచి సోడా) కలుపుకోవడం మామూలే, శొంఠికీ రైకీ బాగా కుదురుతుంది కూడా. కాకపోతే ఐసుతో వాసన ముడుచుకుపోతుంది, కోక్ తీపిలో ఆ ఒకటిన్నర స్పూన్ల షెర్రీ కనిపించకుండా పోతుంది. మొదటి 30 మిల్లీలీటర్లు ఊరికే రుచి చూసి, తర్వాత మీ ఇష్టం.

మిర్చి బజ్జీ, కారం పల్లీలు మాత్రం పక్కన పెట్టండి. మిరపకాయ మంటా ఆల్కహాల్ మంటా నోట్లో ఒకే నరాలని రెచ్చగొడతాయి, రెండూ కలిస్తే మంట తప్ప రుచి మిగలదు. ఉప్పు తక్కువ వేసి వేయించిన బాదం, వాల్‌నట్, డార్క్ చాక్లెట్ ముక్క, లేదా పల్లీ చిక్కీ. చిక్కీలో వేగిన పల్లీ, ముదురు పాకం రెండూ షెర్రీ వైపు రుచిని లాగుతాయి, ఒకసారి చూడండి.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది. షెర్రీ తియ్యగా ఉంటుందంటున్నారు, ప్రమాదమా?
– విజయవాడ పాఠకుడు

జవాబు: షెర్రీ తీపి కంటే ఆల్కహాల్ గురించి ఆలోచించండి. బాగా తియ్యటి షెర్రీలో లీటరుకి 400 గ్రాములు, కొన్నిట్లో ఇంకా ఎక్కువ చక్కెర ఉంటుంది, 400 గ్రాముల రకం వాడారనుకున్నా సీసాకి 3 గ్రాములు, లార్జ్ పెగ్గుకి పావు గ్రాము. కానీ ఆ పెగ్గులో 21 గ్రాముల ఆల్కహాల్ ఉంది, కెనడా లెక్కలో ఒక డ్రింకు అంటే 13.6 గ్రాములే. ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లకి ఖాళీ కడుపుతో తాగితే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు, అదీ నిద్రలో. మీ డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. వద్దంటే వద్దు, వాసన చూసి గ్లాసు పక్కనున్నవాళ్లకి ఇచ్చేయండి, నేను చెప్పిన ఆనందంలో చాలా భాగం ముక్కుదే.

ప్రశ్న: షెర్రీ ప్రభావం తేడా తెలియాలంటే ఏయే సీసాలు పక్కపక్కన పెట్టుకోవాలి?
– మిసిసాగా పాఠకుడు

జవాబు: మూడు చాలు. షెర్రీ లేని అచ్చమైన రై కోసం లాట్ నంబర్ 40, ఒంటారియోలోని విండ్సర్‌లో వంద శాతం రైతో చేస్తారు. షెర్రీ నేరుగా కలిపినదానికి డార్క్ హార్స్, అమెరికాలో ఇది ఆల్బర్టా రై డార్క్ బ్యాచ్ అన్న పేరుతో వచ్చింది. పీపా పద్ధతికి ఫార్టీ క్రీక్ బ్యారెల్ సెలెక్ట్, ఇది గ్రిమ్స్‌బీలో జాన్ హాల్ మొదలుపెట్టిన విస్కీ. ఆయన ముందు వైన్ చేసిన మనిషి, అందుకే మొక్కజొన్న, రై, బార్లీ మూడింటినీ విడివిడిగా కాచి, విడివిడిగా పీపాల్లో ముదరబెట్టి, చివర్న కలిపి షెర్రీ పీపాల్లో పోశాడు. అది అచ్చం రై కాదు, మెత్తగా ఉంటుంది, దాన్ని ముందు తాగండి. తర్వాత లాట్ 40, చివర్న డార్క్ హార్స్. ముగ్గురు నలుగురు కలిసి, ఒక్కోటీ 15 మిల్లీలీటర్లకి మించకుండా, ఎవరూ కారు తియ్యక్కర్లేని రోజున పెట్టుకోండి.

ప్రశ్న: మూత తీసిన సీసా ఎన్నాళ్లుంటుంది?
– హైదరాబాద్ పాఠకుడు (మొదటి ఉత్తరం రాసినవారే)

జవాబు: పాడవదు గానీ గాలి చేరేకొద్దీ వాసన నీరసిస్తుంది. సగానికి పైగా ఉంటే ఏడాది దాకా భయం లేదు. పావు సీసాకి వచ్చాక పండు వాసన ముందు తగ్గుతున్నట్టు నాకు అనిపిస్తుంది, అప్పుడు చిన్న సీసాలోకి నిండుగా మార్చుకోండి. ఎండ తగలని అల్మారాలో నిలబెట్టి ఉంచండి, వైన్‌లా పడుకోబెడితే ఆల్కహాల్ బిరడాని తినేస్తుంది. హైదరాబాద్ మే నెల వేడికి వంటింటి గట్టు మీద మాత్రం వద్దు.